సీటు, బల్ల కలిసిన ఆఫీసు ఫర్నిచర్ డిజైన్: తరచుగా అడిగే ప్రశ్నలు

మామూలు బల్ల దగ్గర కొలత కాస్త తప్పినా కూర్చున్నవాళ్లు కుర్చీ జరుపుకొంటారు, ఎత్తు మార్చుకొంటారు, ఎలాగో సర్దుకొంటారు. సీటునీ బల్లనీ కలిపి బిగించాక ఆ వీలుండదు. డ్రాయింగ్‌లో పడిన తప్పు ఆ ఫర్నిచర్ ఉన్నన్నాళ్లూ ఉంటుంది. అందుకే ఈ జవాబుల్లో రంగులు, రూపం కంటే కొలతలు, బరువులు, బిగింపుల మాటే ఎక్కువ. కొలతలన్నీ మిల్లీమీటర్లలో ఉన్నాయి.

ఏ ఏ రకాలు ఈ కోవలోకి వస్తాయి?

ఆఫీసుల్లో ఎక్కువగా కనిపించేవి మూడు. ఎదురెదురు సోఫాల మధ్య బల్ల ఉండే బూత్ ఒకటి. పొడవాటి బల్లకు రెండు వైపులా బెంచీలు ఒకే ఫ్రేముతో కలిసి ఉండేది రెండోది. గోడ వెంబడి పొడవాటి సీటు, దాని ముందు పంచుకునే బల్ల, అవతలి వైపు విడి కుర్చీలు ఉండేది మూడోది. డిజైన్‌కు అన్నిటికన్నా తేలిక ఈ మూడోదే, ఎందుకంటే సగం మందికి కుర్చీ జరుపుకునే వీలుంటుంది.

ఈ ఆలోచనకు ప్రచారం తెచ్చినవాటిలో స్విస్ కంపెనీ విట్రా కోసం రోనాన్, ఎర్వాన్ బురులెక్ సోదరులు చేసిన రెండు డిజైన్లున్నాయి: 2002లో జాయిన్ అనే పెద్ద ఉమ్మడి బల్ల, 2006లో ఎత్తైన వీపు ఉన్న ఆల్కోవ్ సోఫా. మన దగ్గర అంతకన్నా పాత ఉదాహరణ బడిలో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో నాడు–నేడు, తెలంగాణలో మన ఊరు–మన బడి కింద స్కూళ్లకు వెళ్లిన డ్యూయల్ డెస్కులు ఈ జాతివే. అయిదో తరగతి పిల్లాడి డెస్కులో పదో తరగతి కుర్రాడు మోకాళ్లు ముడుచుకొని కూర్చోవడం చూస్తే, కదలని కొలత ఏం చేస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

రోజంతా దీంట్లోనే కూర్చొని పనిచేయించవచ్చా?

వద్దు. ఎత్తు మారదు, వీపు కోణం మారదు, బల్ల దగ్గరకు రాదు. అరగంట నుంచి గంటన్నర వరకు సాగే పనికి ఇది బాగుంటుంది: ఇద్దరు ముగ్గురు కలిసి ఒక స్క్రీన్ చూడటం, చిన్న మీటింగు, కొత్తగా చేరినవారికి పని నేర్పడం. ఎనిమిది గంటల పనికి ఎత్తు సరిచేసుకునే కుర్చీనే ఇవ్వాలి. స్థలం మిగులుతుందని కుర్చీలన్నీ తీసేసి బెంచీలు వేస్తామని క్లయింటు అంటే, ఆ మాటకు అక్కడే అడ్డు చెప్పడం డిజైనర్ బాధ్యత. తర్వాత వచ్చే నడుం నొప్పుల ఫిర్యాదులకు కుషన్ మార్చి లాభం ఉండదు.

అన్నిటికన్నా ముందు తేల్చాల్సిన కొలత ఏది?

మనిషి కూర్చున్నాక అణిగిన సీటుకీ, బల్ల పై ముఖానికీ మధ్య ఉన్న ఎత్తు. ఇది 280 నుంచి 300 మధ్య ఉండాలి. 320 దాటితే పొట్టివాళ్లు భుజాలు పైకెత్తి టైప్ చేస్తారు, పావుగంటకే మెడ పట్టేస్తుంది. 260 కన్నా తగ్గితే పొడుగువాళ్లు ముందుకు వంగిపోతారు, తొడలు ఫ్రేముకు తగులుతాయి.

"అణిగిన సీటు" అన్న మాట దగ్గరే చాలా డ్రాయింగులు తప్పుతాయి. సీటు ఎత్తు 450 అని రాసి వదిలేస్తారు. 65 మందం ఫోమ్ మీద మనిషి కూర్చుంటే దాదాపు 15 దిగుతుంది. మెత్తటి ఫోమ్ అయితే 30 కూడా దిగుతుంది. అందుకే డ్రాయింగులో రెండు ఎత్తులూ రాయండి: ఖాళీగా 450, కూర్చున్నాక 435. బల్ల పై ముఖం 725. తేడా 290.

ఇక్కడి నుంచి మిగతావి వరసగా వస్తాయి. బల్ల పలక 25, కింద పైపు 25, అంటే బల్ల అడుగు 675 దగ్గర ఉంటుంది. 675లోంచి 435 తీసేస్తే తొడలకు 240 మిగులుతుంది. 200 కన్నా తగ్గనివ్వకండి. కింద సొరుగు పెట్టాలని ఎవరైనా అడిగితే ఈ లెక్క చూపించండి. సొరుగుకు అక్కడ చోటు లేదు.

ఇక అడ్డ కొలత. బ్యాక్‌రెస్ట్ ముందు ముఖం నుంచి బల్ల అంచుకు 460 ఉంచితే ఎక్కువమందికి సరిపోతుంది. సీటు లోతు 430, సీటు అంచుకీ బల్ల అంచుకీ మధ్య ఖాళీ 30. సీటు లోతు 500 చేస్తే సోఫాలా దర్జాగా కనిపిస్తుంది కానీ, మోకాలి వెనక అంచు ఒరుసుకొని పొట్టివాళ్లు ముందుకు జరిగి కూర్చుంటారు. అప్పుడు వీపుకు ఆసరా ఉండదు. బ్యాక్‌రెస్ట్ కోణం 95 నుంచి 100 డిగ్రీల మధ్య చాలు. 110కి వంచితే అది విశ్రాంతి సోఫా అవుతుంది, చేతులు కీబోర్డుకు అందవు.

విదేశీ కేటలాగ్ కొలతలు అలాగే తీసుకోవచ్చా?

సీటు ఎత్తు విషయంలో జాగ్రత్త. యూరప్ కేటలాగుల్లో 460–480 సీటు, 740–750 బల్ల తరచుగా కనిపిస్తాయి. మన ఆఫీసుల్లో చాలామంది మహిళలకు ఆ సీటులో పాదాలు నేలకు పూర్తిగా ఆనవు. బల్ల కింద, అవతలి వైపు కాళ్లకు తగలనంత దూరంలో, నేల నుంచి 100 ఎత్తులో ఒక పాదాల పైపు పెడితే కొంత సాయం. కానీ సరైన మందు సీటును 450కి దించి, బల్లనూ దాంతోపాటే దించడం. సీటు ఒక్కటే దించి బల్లను వదిలేస్తే మొదటి లెక్క చెడుతుంది.

ఒక్కొక్కరికి ఎంత వెడల్పు ఇవ్వాలి?

ల్యాప్‌టాప్‌తో పని అయితే 700. 600 అనేది కనీసం, అదీ గంటలోపు మీటింగులకే. 600లో ఇద్దరు పక్కపక్కన టైప్ చేస్తే మోచేతులు కొట్టుకుంటాయి. ఎదురెదురుగా కూర్చునే బల్ల లోతు బూత్‌లో 700, బెంచీ బల్లకు 750 నుంచి 800. ఇద్దరి ల్యాప్‌టాప్‌లూ తెరిచి ఉంచితే 650 లోతు బల్ల మీద మూతలు ఒకదానికొకటి తగులుతాయి, టీ కప్పుకు చోటుండదు.

బూత్‌లో ఒక వైపు ముగ్గురిని కూర్చోబెట్టాలన్న కోరిక తరచుగా వస్తుంది. మధ్య సీటు ఎప్పుడూ బ్యాగులకే పోతుంది. అవతలివాళ్లు లేస్తే తప్ప లోపలివాళ్లు బయటికి రాలేని చోట ఎవరూ ఇష్టపడి కూర్చోరు. రెండు వైపులా దారి ఉంటే తప్ప ఒక వైపు ఇద్దరికి మించి వద్దు.

బెంచీకి కాలు దాటించి కూర్చోవాల్సి వస్తే?

కలిపి బిగించిన బెంచీ బల్లల్లో ఇదే పెద్ద ఇబ్బంది. చీర కట్టుకున్నవారికి, మోకాళ్ల నొప్పులున్నవారికి కాలు దాటించడం కుదరదు. బెంచీని ఇద్దరి కొలతకే (1400) పరిమితం చేసి, రెండు చివరలా తెరిచి ఉంచితే ఎవరి వైపు నుంచి వాళ్లు పక్కకు జరిగి కూర్చుంటారు. ఆరుగురికి 2100 బల్ల కావాలంటే ఒక వైపు బెంచీని విడిగా చేయండి, లేదా మధ్య స్థానంలో బెంచీ ఆపి తిరిగే సీటు పెట్టండి. చివర కూర్చునేవారి తుంటికి తగిలేది బల్ల మూల కాబట్టి దాన్ని కనీసం 50 వ్యాసార్థంతో గుండ్రం చేయించాలి. బల్ల కాళ్లను చివరి నుంచి 250 లోపలికి జరపాలి, లేకపోతే పక్కకు జరిగేటప్పుడు ప్రతిసారీ మోకాలు కాలికి కొట్టుకుంటుంది.

ఒక వైపే ఇద్దరు కూర్చుంటే మొత్తం తిరగబడుతుందా?

నేల పాదం (ఫ్రేములో నేల మీద పడుకొని ఉండే అడుగు భాగం) పొట్టిగా ఉంటే తప్పకుండా. లెక్క చేసి చూద్దాం. బల్ల 1400 పొడవు, 750 లోతు, యూనిట్ మొత్తం బరువు 70 కిలోలు. మధ్య గీత నుంచి బల్ల అంచు 375, ఖాళీ 30, సీటు 405 నుంచి 835 వరకు. సీటు నడిమి గీత 620 దగ్గర. ఒక వైపే 90 కిలోల వాళ్లు ఇద్దరు కూర్చున్నారు, ఎదురుగా ఎవరూ లేరు.

నేల పాదం 425 దగ్గర ఆగితే: మనుషుల బరువు 180 కిలోలు, పాదం చివర నుంచి దూరం 0.195 మీటర్లు, లాగే బలం 35.1 (కిలోలను మీటర్లతో హెచ్చించిన లెక్క). దాన్ని ఆపేది 70 × 0.425, అంటే 29.75. యూనిట్ లేస్తుంది.

పాదం 520కి పెంచితే లాగేది 18, ఆపేది 36.4. ఇక్కడితో సరిపోయిందని చాలామంది ఆగిపోతారు. కానీ వీపు లేని బెంచీ మీద మనుషులు బల్లకు వీపు పెట్టి బయటి వైపు తిరిగి, వెనక అంచు మీద కూర్చుంటారు. బరువు 835 దగ్గరకు పోతే లాగేది 56.7 అవుతుంది. మళ్లీ లేస్తుంది.

పాదాన్ని సీటు బయటి అంచుకు 100 లోపల, అంటే 735 దాకా తీసుకెళ్తే అంచు మీద కూర్చున్నా లాగేది 18, ఆపేది 51.5. డిజైన్ చేయాల్సింది దీనికే. పాదాన్ని సీటు అంచు దాటి బయటికి మాత్రం పెట్టకండి, నడిచేవాళ్లు తన్నుకొని పడతారు.

నేలకు బోల్టు వేస్తే ఈ గొడవే ఉండదు కదా అంటారు. ఉండదు, కానీ అద్దె భవనాల్లో టైల్స్‌కు రంధ్రం వేయనివ్వరు. పైకి లేపిన యాక్సెస్ ఫ్లోర్ (కింద వైర్లు పోయేలా విడి పలకలు పరిచిన నేల) అయితే పలకకు బిగించిన బోల్టు పలకతోపాటే పైకి లేస్తుంది.

సీటు ఊగుతోంది. పైపు సైజు పెంచాలా?

ముందు చూడాల్సింది వెల్డింగ్‌ను. మధ్య కాలు నుంచి బయటికి చాచిన చేతి మీద సీటు నిలబడితే, 100 కిలోల మనిషి 0.45 మీటర్ల దూరంలో ఇచ్చే వంపు బలం 450 న్యూటన్-మీటర్లు. 50×50×3 చదరపు పైపు దీన్ని తేలికగా మోస్తుంది, ఒత్తిడి 55 మెగాపాస్కల్స్ లోపే. ధబాల్న కూర్చుంటారు కాబట్టి దాన్ని రెట్టింపు చేసుకున్నా పైపు వంగదు. తెగేది మూల దగ్గర. వెల్డింగ్ అందంగా కనపడాలని గ్రైండర్‌తో చదును చేసేస్తారు, అక్కడ లోహం పలచబడి కొన్నాళ్లకు వెంట్రుక మందం చీలిక మొదలవుతుంది. చాచిన చేతుల దగ్గర వెల్డింగ్‌ను నాలుగు వైపులా పూర్తిగా వేయించి, కనపడని కింది వైపు 5 మి.మీ. ప్లేటుతో త్రికోణపు ఆసరా ఇవ్వండి. ఆ ఒక్క అతుకును గ్రైండ్ చేయొద్దని డ్రాయింగ్ మీద రాయండి. నోటితో చెబితే సరిపోదు.

ఒకరు కాలు ఊపితే ఎదుటివారి స్క్రీన్ కూడా ఊగుతోంది. ఎందుకు?

సీటు, బల్ల ఒకే నిలువు కాలు మీద ఉండటం వల్ల. కాళ్లు ఊపొద్దని ఇంట్లో పెద్దవాళ్లు ఎంత చెప్పినా ఆఫీసులో అది ఆగేది కాదు, డిజైనే దాన్ని భరించాలి. బల్లకు వేరే కాళ్లు, సీటుకు వేరే కాళ్లు ఇచ్చి, రెండింటినీ నేల మట్టంలో పాదం దగ్గర మాత్రమే కలపండి. కలిసే చోట 5 మి.మీ. రబ్బరు వాషర్లు వేస్తే ఇంకా మంచిది. ఎదురెదురు కాళ్ల మధ్య పొడవునా ఒక అడ్డ పైపు ఉంటే పక్క ఊగుడు తగ్గుతుంది, దాన్ని మధ్య గీత మీదే పెట్టాలి. బల్ల అంచు కింద పెడితే మోకాళ్లకు తగులుతుంది.

ఊగుడుకు ఇంకో మామూలు కారణం ఎత్తు సరిచేసే పాదాలు. నాలుగింటిలో ఒకటి నేలకు ఆనకపోతే మొత్తం కదులుతుంది. ఎం10 (10 మి.మీ.) మర ఉన్నవి, 20 దాకా ఎత్తు మారేవి తీసుకోండి. ఎం8 సన్నగా ఉండి, జరిపినప్పుడు వంగిపోతుంది.

ఏ ప్లైవుడ్ వాడాలి? పార్టికల్ బోర్డు చాలదా?

బల్ల పలకకు 25 మి.మీ. ప్రీ-లామినేటెడ్ పార్టికల్ బోర్డు చాలు, కింద ఫ్రేము ఉంటే. మద్దతు లేకుండా 900 దాటి పరిస్తే కొన్నాళ్లకు నడుమ కిందికి దిగుతుంది. సీటు పెట్టెకు, నేలకు దగ్గరగా ఉన్న ప్రతి ముక్కకూ మాత్రం ప్లైవుడ్ వాడండి: భారత ప్రమాణం ఐఎస్ 303లోని బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునే) గ్రేడ్, లేదా ఐఎస్ 710 మెరైన్. రోజూ తడిగుడ్డతో నేల తుడుస్తారు. పార్టికల్ బోర్డు అంచు ఆ నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఎడ్జ్ బ్యాండ్ ఊడుతుంది. ఏ చెక్కా నేలను తాకకుండా 60 ఎత్తు స్టీలు పాదపీఠం పెట్టడం దీనికి అసలైన పరిష్కారం. చెద పురుగు దారిని కనిపెట్టడానికీ ఆ ఖాళీ పనికొస్తుంది.

లామినేట్ పైన 1 మి.మీ. వేస్తే అడుగున కూడా 0.8 బ్యాలెన్సింగ్ షీటు వేయించాలి. అడుగు వదిలేసిన పలక ఏసీ గదిలో పడవలా వంగుతుంది. బల్ల అంచుకు 2 మి.మీ. పీవీసీ ఎడ్జ్ బ్యాండ్ వాడండి, 0.8 ముంజేతికి కోసుకుంటుంది. ఉమ్మడి బల్లకు నిగనిగలాడే లామినేట్ వద్దు, లైటు కళ్లలో పడుతుంది, వేలిముద్రలు కనిపిస్తాయి.

విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీలు) పైపు మీద నేరుగా పౌడర్ కోటింగ్ వేస్తే అతుకుల దగ్గర పొక్కులు వస్తాయి. జీఐ (జింకు పూత ఉన్న) పైపు తీసుకోండి, లేదా ఫాస్ఫేటింగ్ (తుప్పు ఆపే రసాయన పూత) సరిగా చేసి 60–80 మైక్రాన్ల పూత వేయించండి. పైపుల చివరలు మూసేయాలి, ఉప్పుగాలి లోపలి నుంచే తినేస్తుంది.

కుషన్ ఏడాదికే కుంగిపోతోంది. ఏం తప్పు జరుగుతోంది?

డెన్సిటీ. ఘనమీటరుకు 40 కిలోల ఫోమ్ అని రాసి ఉన్నా, వచ్చింది 28 కావచ్చు. చెక్ చేయడం తేలిక: 1200×430×50 ముక్క ఘనపరిమాణం 0.0258 ఘనమీటర్లు, 40 డెన్సిటీ అయితే అది ఒక కిలోకు కాస్త పైనే తూగాలి. 28 అయితే 720 గ్రాముల దగ్గర ఉంటుంది. సరుకు దిగగానే కాటా మీద పెట్టండి.

సీటుకు కింద 50 మందం 40 డెన్సిటీ, పైన 15 మందం 32 డెన్సిటీ పొర బాగా నప్పుతుంది. గట్టిదనం డెన్సిటీతో ఒకటి కాదు, ఫోమ్ మీద కూర్చొని చూసి ఎంచుకోవాలి. రెక్సిన్ వేస్తే కింద ప్లైకి 20 వ్యాసం రంధ్రాలు ఆరు ఏడు వేయించండి. గాలి పోయే దారి లేకపోతే కూర్చున్న ప్రతిసారీ బుస్సుమంటుంది, చివరికి కుట్టు దగ్గర పిగులుతుంది. బట్టకు మార్టిన్‌డేల్ రాపిడి పరీక్షలో 40,000 రుద్దుళ్లకు పైన తట్టుకున్నది అడగండి. సీటు కవరు జిప్పుతో ఊడివచ్చేలా ఉండాలి. పంచుకునే చోట సాంబారు, కాఫీ పడకుండా ఉండవు.

నలుగురి బూత్‌కు ఎంత సరుకు కావాలి?

సీటు వెడల్పు 1200, వీపు ఎత్తు 1350, బల్ల 1200×700 అనుకుందాం. నేల మీద లోతు: 460 + 700 + 460, రెండు వైపులా బ్యాక్‌రెస్ట్ వాలు, మందం కలిపి 135 చొప్పున, మొత్తం 1890. వెడల్పును 1200 దగ్గర ఆపడానికి కారణం ఉంది. ప్లై షీటు 2440×1220. 1250 అడిగితే ప్రతి వీపు పలకకూ అతుకు పడుతుంది.

- 18 మి.మీ. ప్లై: 3 షీట్లు. ఒక్కో షీటులో ఒక వీపు పలక (1350×1200) పోగా మిగిలిన దాంట్లో సీటు పలక, ముందు పలక వస్తాయి. మూడో షీటు లోపలి నిలువు ముక్కలకు.
- 25 మి.మీ. బోర్డు బల్లకు: 1200×700 ఒకటి.
- 60×40×2 పైపు బల్ల కాళ్లకు: 4 మీటర్లు, సుమారు 12 కిలోలు. 6 మీటర్ల పొడవు ఒకటి తెస్తే చాలు.
- ఫోమ్: సీట్లకు 1200×430 రెండేసి పొరలతో రెండు, వీపుకు 1200×500×40 రెండు.
- బట్ట, 1370 వెడల్పు: 7 నుంచి 7.5 మీటర్లు. సీటు ముక్కలను అడ్డంగా తిప్పి కోస్తేనే ఈ లెక్క. గీతలు, డిజైన్ ఉన్న బట్ట అయితే అలా తిప్పలేరు, ఇంకో మీటరున్నర కలుపుకోండి.
- ఎత్తు సరిచేసే పాదాలు: సీట్లకు ఎనిమిది, బల్లకు నాలుగు.

ఎత్తైన వీపు ఉన్న రెండు సోఫాలను విడివిడిగా వదిలేయకండి. వీపు మీద ఎవరైనా బయటి నుంచి ఆనుకుంటే ముందుకు తూలుతుంది. బల్ల కింద నేల మట్టంలో 6 మి.మీ. పట్టీతో రెండింటినీ కలిపితే చాలు.

కరెంటు ఎలా తీసుకెళ్లాలి?

ఒక్కొక్కరికి ఒక 6 ఆంపియర్ల సాకెట్, ఒక 65 వాట్ల యూఎస్‌బీ-సీ. ఆరుగురు 100 వాట్ల చొప్పున వాడినా 600 వాట్లు, 230 వోల్టుల దగ్గర 2.6 ఆంపియర్లు. ఇది చిన్న లోడే. సమస్య ల్యాప్‌టాప్‌లతో రాదు, ఎవరో తెచ్చి పెట్టే 1500 వాట్ల కెటిల్‌తో వస్తుంది. అది ఒక్కటే 6.5 ఆంపియర్లు లాగుతుంది. అందుకే బల్లకు వచ్చే లైను 2.5 చదరపు మి.మీ. వైరుతో, విడి ఎంసీబీ (లోడు ఎక్కువైతే లైను కట్ చేసేది), 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే కట్ చేసేది)తో ఉండాలి.

స్టీలు ఫ్రేముకు ఎర్తింగ్ ఇవ్వడం చాలాచోట్ల మరిచిపోతారు. ఇచ్చినా పౌడర్ కోటింగ్ మీదే లగ్ (వైరు చివర ఉండే లోహపు బిళ్ల) బిగిస్తారు. ఆ పూత కరెంటును పోనివ్వదు. లగ్ కింద రూపాయి బిళ్లంత మేర పూత గీకి, దంతాల వాషర్ వేసి బిగించాలి. సీటు ఫ్రేము, బల్ల ఫ్రేము వేరుగా ఉంటే రెండింటికీ ఎర్తింగ్ వైరు కావాలి.

పైకి లేచే పాప్-అప్ బాక్సులు చూడటానికి బాగుంటాయి, టీ ఒలికితే నేరుగా లోపలికే పోతుంది. బల్ల మధ్యలో 40 ఎత్తు గట్టు మీద పక్కకు తిరిగిన సాకెట్లు, లేదా బల్ల అంచు కింద బిగించినవి మేలు. కింద బిగిస్తే అంచు నుంచి 120 లోపలికి పెట్టండి, ప్లగ్గు మోకాలికి తగలకూడదు. వైర్లు తొట్టెలో పడుకోవాలి, అడాప్టర్లు కూడా పట్టేలా 150 వెడల్పు ఇవ్వండి. నేల సాకెట్ నుంచి వచ్చే కేబుల్ బల్ల కాలి లోపలి నుంచి రావాలి, రెండు చోట్ల క్లిప్పు వేయాలి. లేకపోతే ఊడ్చేవాళ్ల చీపురే దాన్ని లాగేస్తుంది.

బూత్ లోపల మాటలు బయటికి వినపడకుండా చేయగలమా?

పూర్తిగా కాదు. పైన తెరిచి ఉన్నంతకాలం మాట సీలింగును తాకి పక్కవాళ్లకు వినపడుతుంది. చేయగలిగింది మాట స్పష్టత తగ్గించడం. 1200 ఎత్తు వీపు కళ్లకు మాత్రమే అడ్డు. 1350 తలను దాచేస్తుంది, పక్క బూత్ మాటలు కొంత తగ్గుతాయి. 9 మి.మీ. పెట్ ఫెల్ట్‌ను (శబ్దం పీల్చే ప్లాస్టిక్ నార పలక) నేరుగా చెక్కకు అంటిస్తే పెద్దగా ఉపయోగం లేదు. దాని వెనక 25 నుంచి 50 ఖాళీ వదిలి రాక్‌వూల్ (రాతి నార) నింపితే తేడా తెలుస్తుంది.

పైకప్పు వేసి మూసేద్దామనుకుంటే ముందు ఫైర్ సేఫ్టీవాళ్లతో మాట్లాడండి. స్ప్రింక్లర్ నీళ్లు లోపల పడవు, పొగ డిటెక్టర్‌కు పొగ అందదు. ఎత్తైన వీపుల వల్ల బల్ల మీద నీడ కూడా పడుతుంది. పని చేసే చోట 500 లక్స్ ఉండేలా బూత్ నడి నెత్తిన ఒక లైటు వేయించాలి, వెనక నుంచి వస్తే స్క్రీన్‌లో మెరుస్తుంది.

వీల్‌చైర్‌లో వచ్చేవారికి?

ఒక చివర బెంచీ లేకుండా వదలండి. ఆ చివర 900 వెడల్పు, కింద 500 లోతు వరకు ఏ కాలూ, అడ్డ పైపూ ఉండకూడదు. మన 725 బల్లలో ఫ్రేమును ఆ మేరకు లోపలికి జరిపితే పలక మందం 25 మాత్రమే మిగులుతుంది, అడుగు 700కి వస్తుంది. మోకాళ్లకు అది కనీసం. 720 బల్ల చేస్తే ఆ అయిదు మిల్లీమీటర్లే ఆటంకం అవుతాయి. చివర నుంచి లోపలికి జరిపిన ఫ్రేము మీద పలక ఎక్కువ దూరం వేలాడుతుంది కాబట్టి, అక్కడ మాత్రం 8 మి.మీ. స్టీలు పట్టీలు రెండు పలక అడుగున గాడి తీసి దించాలి. వికలాంగుల హక్కుల చట్టం, 2016 వచ్చాక దీన్ని దయగా కాక డిజైన్ షరతుగానే చూడాలి. బూత్‌లలో నేల కంటే ఎత్తైన అరుగు మీద సీట్లు పెట్టే ఆలోచన అందుకే మానుకోవాలి.

నమూనా చేసి ఎలా పరీక్షించాలి?

రంగు, లామినేట్ ఏమీ లేకుండా పనికిరాని ప్లైతో, అసలు ఫోమ్‌తో పూర్తి సైజులో ఒకటి చేయండి. ఫోమ్ మాత్రం అసలుదే కావాలి, లేకపోతే అణిగే కొలత తెలియదు. 145 నుంచి 185 సెంటీమీటర్ల ఎత్తు మధ్య ఆరుగురిని, అందులో లావుగా ఉన్న ఒకరినైనా, 45 నిమిషాలు సొంత ల్యాప్‌టాప్‌తో పని చేయనివ్వండి. "బాగుందా?" అని అడక్కండి, బాగుందనే అంటారు. గమనించండి: పాదాలు నేల మీద ఉన్నాయా, ఎన్నిసార్లు జరిగారు, భుజాలు లేచాయా, లేచేటప్పుడు బల్లను పట్టుకొని లాగారా. లాగినప్పుడు బల్ల కదిలిందా అన్నది కూడా.

తర్వాత ఒక వైపే ఇద్దరిని వెనక అంచు మీద కూర్చోబెట్టి చూడండి. బల్ల చివర ఒక మనిషిని కూర్చోబెట్టండి. పుట్టినరోజు కేకు కోసేటప్పుడు ఎలాగూ ఎవరో ఒకరు కూర్చుంటారు.

కార్పెంటర్ చేత చేయించాలా, ఫ్యాక్టరీకి ఇవ్వాలా?

రెండు మూడు బూత్‌లైతే మంచి కార్పెంటర్, ఒక వెల్డింగ్ షాపు చాలు. పది దాటితే సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే) కటింగ్, ఎడ్జ్ బ్యాండింగ్ మిషను ఉన్న ఫ్యాక్టరీ లాభం, ఎందుకంటే అన్నీ ఒకే కొలతకు వస్తాయి. కార్పెంటర్‌కు ఇస్తే డ్రాయింగులో మిల్లీమీటర్ల పక్కన అంగుళాలు మీరే రాసివ్వండి. 435ను ఆయన టేపు మీద 18 అంగుళాలకు సరిచేసుకుంటే అది 457 అవుతుంది, అణిగిన సీటు లెక్క అక్కడికక్కడే పోతుంది.

కొనేటప్పుడు ఏ ప్రమాణాలు అడగాలి?

కలిపి చేసిన ఫర్నిచర్‌కు రెండు వైపుల పరీక్షా కావాలి, సీటుగానూ బల్లగానూ. అమెరికా ఫర్నిచర్ తయారీదారుల సంఘం బిఫ్మా ప్రమాణాల్లో లాంజ్ సీటింగ్‌కు ఎక్స్5.4, బల్లలకు ఎక్స్5.5 ఉన్నాయి. మన దగ్గర ఐఎస్ 17632 మామూలు కుర్చీలు, స్టూళ్లకు, ఐఎస్ 17633 బల్లలు, డెస్కులకు. ఫర్నిచర్ నాణ్యత నియంత్రణ ఉత్తర్వు 2025లో వెలువడింది, ఆర్డర్ పెట్టే రోజుకు ఏ వస్తువులకు ఏ తేదీ నుంచి వర్తిస్తుందో బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) సైటులో చూసుకోండి. పరీక్ష నివేదిక చూపిస్తే అందులోని ఫొటో, కొలతలు మీరు కొంటున్న మోడల్‌వేనా అని సరిపోల్చండి. వేరే బల్ల నివేదిక చూపించడం కొత్తేమీ కాదు.

పై అంతస్తుకు ఎలా చేర్చాలి?

డిజైన్ మొదలుపెట్టక ముందే లిఫ్టు లోపలి కొలత, తలుపు ఎత్తు, మెట్ల మలుపు తీసుకోండి. 2100 బల్ల పలక చాలా లిఫ్టుల్లో ఐమూలగా నిలబెడితే తప్ప పట్టదు. ఏ ఒక్క ముక్కా ఇద్దరు మోయలేనంత బరువు ఉండకుండా విడగొట్టండి, ఎం8 బోల్టులతో కలపండి. చెక్కలోకి నేరుగా స్క్రూ వేస్తే రెండోసారి విప్పి బిగించినప్పుడు పట్టు పోతుంది, ప్లైలో టీ-నట్లు (చెక్కలో దిగి ఉండే లోహపు నట్లు) దించాలి. ఆఫీసు మారినప్పుడు ఇది మళ్లీ విప్పాల్సిందే.

బిగించిన నెలకు ఒకసారి, ఆ తర్వాత ఆరు నెలలకోసారి బోల్టులన్నీ మళ్లీ బిగించాలి. ముందుగా వదులయ్యేది సీటు ఫ్రేము పాదంతో కలిసే చోటు. ఆ బోల్టుకు పాదపీఠం మూత తీయకుండానే స్పానర్ అందేలా డ్రాయింగ్‌లోనే దారి వదలండి, లేకపోతే దాన్ని ఎవరూ బిగించరు.